సైలెన్సరు గొట్టము పెద్దదైనచో బండి బలము పెరుగునా?

గోదావరికి ఉత్తరమున, 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోను, ఆ పిమ్మట నిర్మల్ జిల్లాలోను చేరిన ఖానాపూర్ పట్టణము నుండి ఒక దారి పడమరగా నిర్మల్‌కు పోవును. మరొకటి ఉత్తరముగా గుట్టలెక్కి ఉట్నూరు చేరును. ఇంకొకటి కడెం మీదుగా జన్నారం అడవులలోనికి పోవును. ఇట్టి దారులలో ఎన్నో ఏండ్లు పెండ్లివారిని, రోగులను, ఎన్నికల అధికారులను మోసిన బండి అంబాసిడరు. కలకత్తా సమీపమున ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలైన ఆ కారు తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. కనుక ఉన్న బండ్లను బాగు చేయించుకొనుట తప్ప యజమానులకు వేరు మార్గము లేదు.

పాత కారులో తొందరగా పాడగు భాగములలో సైలెన్సరు ఒకటి. అది తుప్పు పట్టి చిల్లులు పడగానే బండి షెడ్డుకు చేరును. అక్కడ మొదటి ప్రశ్న: క్రొత్త గొట్టము ఎంత వెడల్పుది వేయవలెను? ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినబడుచుండును. "పెద్ద గొట్టము వేయుడు, పొగ సులభముగా పోయి బండి బాగుగ లాగును" అని ఒక వర్గము. "పెద్దది వేసినచో వెనుక ఒత్తిడి పోయి పికప్పు పడిపోవును, ఇంజనుకు కొంత ఒత్తిడి ఉండవలెను" అని రెండవ వర్గము. ఇరువురును అనుభవజ్ఞులే. ఇరువురును తాము కన్నులార చూచినదే చెప్పుచున్నామందురు. అయినను రెండు వాదములును పరస్పర విరుద్ధములు. రెండును నిజము కాజాలవు. రెండును తప్పు కావచ్చును. వీనిని భౌతిక శాస్త్రపు తూనికలో పెట్టి చూచుట ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ సాధ్యమే.

సైలెన్సరు చేయు పని

నాలుగు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు మండి పిస్టనును క్రిందికి నెట్టిన తరువాత, ఎగ్జాస్టు కవాటము తెరచుకొనును. అప్పటికి సిలిండరులోని వాయువు పీడనము బయటి గాలి పీడనమునకు కొన్ని రెట్లు ఉండును. కవాటము తెరచుకొన్న క్షణమున ఆ వాయువు ఒక్కసారిగా గొట్టములోనికి దూకును. ఈ దూకుడే చప్పుడు. తరువాత పిస్టను పైకి వచ్చుచు మిగిలిన వాయువును నెట్టివేయును. అనగా గొట్టములో రెండు వేర్వేరు ప్రయాణములు జరుగుచున్నవి. ఒకటి వాయువు ప్రయాణము, రెండవది పీడన తరంగము యొక్క ప్రయాణము. గాలిలో పతాకము రెపరెపలాడునప్పుడు గాలి వేరు, పతాకముపై పోవు అల వేరు అయినట్లే ఇవియు వేరు. ఈ భేదమును గుర్తింపకపోవుటయే పై రెండు వాదములలోని మూల దోషము.

సైలెన్సరు పని వాయువును పోనిచ్చి తరంగమును ఆపుట. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున కొలంబస్ పట్టణమునకు చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు 1897లో ఇంజనుల సైలెన్సరుకు పేటెంటు పొందిరి. నాటి నుండి నేటి వరకు దాని ముఖ్య సూత్రము ఒక్కటే. సన్నని గొట్టము అకస్మాత్తుగా వెడల్పయిన డబ్బాలోనికి తెరచుకొనుచోట తరంగములో ఎక్కువ భాగము వెనుకకు ప్రతిఫలించును. కొంత మాత్రమే ముందుకు సాగును. డబ్బా నుండి మరల సన్నని గొట్టములోనికి పోవుచోట మరొక ప్రతిఫలనము జరుగును. వాయువు మాత్రము పెద్ద ఆటంకము లేక సాగిపోవును. భారత దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 120వ నియమము కూడ ప్రతి మోటారు వాహనమునకు సైలెన్సరు ఉండవలెనని చెప్పుచు, వ్యాకోచ గది ద్వారా గాని ఇతర విధముగా గాని చప్పుడు తగ్గింపవలెనని పేర్కొన్నది.

మొదటి వాదము: "పెద్ద గొట్టము, పెద్ద బలము"

అంబాసిడరులో చిరకాలము వాడబడిన పెట్రోలు ఇంజను ఘనపరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. దాని శక్తి సుమారు 50 అశ్వశక్తి. అది నిమిషమునకు 4000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీల్చును. కాబట్టి నిమిషమునకు 1.489 × 2000, అనగా 2978 లీటర్లు. సిలిండరు ఎన్నడును పూర్తిగా నిండదు. నూటికి 80 వంతులు నిండునని తీసికొనినచో సెకనుకు సుమారు 40 లీటర్లు. ఇది 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లెక్క. గొట్టములో వాయువు సుమారు 400 డిగ్రీల వేడి కలిగియున్నదనుకొనినచో, చార్లెసు నియమము ప్రకారము ఘనపరిమాణము 673/300 రెట్లు పెరిగి, సెకనుకు సుమారు 89 లీటర్లగును.

ఈ 89 లీటర్లు 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము గల గొట్టములో పోవలెనన్నచో వేగము సెకనుకు సుమారు 78 మీటర్లు. 50 మిల్లీమీటర్ల గొట్టములో 45 మీటర్లు చాలును. 32 మిల్లీమీటర్లదైనచో 110 మీటర్లు కావలెను. గొట్టపు గోడల రాపిడి వలన కలుగు పీడన నష్టము వేగము వర్గమునకు అనులోమముగాను, వ్యాసమునకు విలోమముగాను ఉండును. వేగమే వ్యాసము వర్గమునకు విలోమముగా ఉండును గనుక, మొత్తము మీద నష్టము వ్యాసము యొక్క అయిదవ ఘాతమునకు విలోమమగును. మూడు మీటర్ల పొడవు గొట్టమునకు సామాన్యముగా వాడు రాపిడి గుణకము 0.03 తీసికొని లెక్కించినచో ఫలితము ఇట్లుండును. 32 మి.మీ. గొట్టములో నష్టము సుమారు 93 సెంటీమీటర్ల నీటి మట్టమంత, 38 మి.మీ. గొట్టములో 38 సెంటీమీటర్లు, 50 మి.మీ. గొట్టములో 10 సెంటీమీటర్లు.

ఇంతవరకు చూచినచో మొదటి వర్గము గెలిచినట్లే కనబడును. నష్టము నాలుగవ వంతుకు పడిపోయినది గదా! కాని ఏ నష్టములో నాలుగవ వంతు అని అడుగవలెను. వాతావరణ పీడనము సుమారు 1033 సెంటీమీటర్ల నీటి మట్టము. 38 నుండి 10కి తగ్గుట అనగా వాతావరణ పీడనములో నూటికి మూడు వంతుల కంటె తక్కువ. పిస్టను వాయువును నెట్టుటకు వ్యయమగు శక్తిలో ఇందువలన ఆదా అగునది సుమారు 140 వాట్లు, అనగా అయిదవ వంతు అశ్వశక్తి. సిలిండరులో మిగిలిపోవు పొగ కొంచెము తగ్గి, ఆ మేరకు క్రొత్త గాలి ఎక్కువ చేరును. దాని లాభము కూడ అంత మాత్రమే. మొత్తము లాభము 50 అశ్వశక్తిలో ఒక శాతమునకు మించదు. అదియు ఇంజను నిండు వేగమున తిరుగునప్పుడే. ఖానాపూర్ - నిర్మల్ దారిలో నిమిషమునకు 2000 చుట్లతో సాగిపోవు బండిలో పీడన నష్టము ఇందులో నాలుగవ వంతే. ఆ లాభమును డ్రైవరు పాదము గుర్తింపజాలదు.

అట్లయినచో పెద్ద గొట్టము వేయించిన పిమ్మట బండి నిజముగా లాగినదని చెప్పువారు అబద్ధమాడుచున్నారా? కాదు. వారు చూచినది నిజమే. దానికి చెప్పిన కారణము తప్పు. పాత సైలెన్సరులో తుప్పు రేకులు రాలి, లోపలి పలకలు ఊడి, మసి పేరుకొని దారి మూసికొని పోయియుండును. మూసుకొనిన సైలెన్సరు వెనుక పీడనము పై లెక్కలకు ఎన్నో రెట్లు పెరుగవచ్చును. దానిని తీసి క్రొత్తది వేసినప్పుడు బండి తప్పక లాగును. 38 మిల్లీమీటర్ల క్రొత్త గొట్టము వేసినను అట్లే లాగియుండును. షెడ్డులో ఒకేసారి రెండు మార్పులు జరిగినవి: పాతది పోయి క్రొత్తది వచ్చినది, చిన్నది పోయి పెద్దది వచ్చినది. ఫలితమును రెండవ మార్పునకు అంటగట్టుటకు ఆధారము లేదు. ఒక ప్రయోగములో ఒకటే మార్పవలెనన్న సూత్రమును పాఠశాల ప్రయోగశాలలో వల్లించిన విద్యార్థి, దానిని వీధిలో కూడ వర్తింపజేయవలెనని ఈ ఉదాహరణము బోధించుచున్నది.

ఇంకొక భ్రమ కూడ ఇందులో కలిసియున్నది. చప్పుడు హెచ్చయిన బండి బలమయినదిగా తోచును. కాని చప్పుడు బలమునకు కొలత కాదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసులో నిజాముల కాలపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు ప్రదర్శనలో ఉన్నది. ఆ నమూనాకు "ఘోస్టు" అను పేరు వచ్చినదే అది దయ్యమువలె నిశ్శబ్దముగా సాగుట చేత. దాని ఇంజను ఆరు సిలిండర్లది, ఏడు లీటర్లకు పై బడినది. బలమును, నిశ్శబ్దమును ఒక్కచోట ఉండవచ్చునని నూరేండ్లకు పూర్వమే నిరూపింపబడినది.

రెండవ వాదము: "వెనుక ఒత్తిడి ఉండవలెను"

ఈ వాదము వినుటకు మరింత శాస్త్రీయముగా ఉండును గాని, పరీక్షకు ఇంకను తక్కువగా నిలుచును. పిస్టను వాయువును బయటకు నెట్టునప్పుడు ఎదురుగానున్న పీడనము ఎంత ఎక్కువయిన అంత శ్రమ. ఎదురు గాలిలో సైకిలు తొక్కువానికి ఆ గాలి ఎన్నడును సాయపడదు. స్థిరముగా ఉండు వెనుక ఒత్తిడి నాలుగు స్ట్రోకుల ఇంజనుకు మేలు చేయునన్న మాటకు ఆధారము లేదు.

మరి ఈ నమ్మకము ఎక్కడ పుట్టినది? ఒక కారణము రెండు స్ట్రోకుల ఇంజనులు కావచ్చును. తెలంగాణ పల్లెలలో ఒకప్పుడు విరివిగా తిరిగిన రాజ్‌దూత్, జావా మోటారు సైకిళ్ళు ఆ జాతివి. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రొత్త మిశ్రమము లోనికి వచ్చుచుండగానే పొగ దారి కూడ తెరచియుండును. కొంత మిశ్రమము వృథాగా బయటకు జారిపోవును. తగిన ఆకారము గల సైలెన్సరు నుండి తిరిగి వచ్చు పీడన తరంగము సరియైన క్షణమున ఆ దారి వద్దకు చేరినచో, జారిన మిశ్రమమును మరల లోనికి నెట్టివేయును. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. కర్మాగారమున వాల్టర్ కాడెన్ 1950లలో ఈ సూత్రముపై రేసు మోటారు సైకిళ్ళను నిర్మించెను. అట్టి బండికి సైలెన్సరు తీసివేసినచో అది నిజముగానే లాగదు. ఆ అనుభవమును నాలుగు స్ట్రోకుల కారుకు అన్వయించుట తప్పు. రెండు స్ట్రోకుల బండిలో కూడ మేలు చేయునది స్థిరమైన ఒత్తిడి కాదు, సమయమునకు వచ్చిన తరంగము.

రెండవ కారణము కార్బురేటరు. సైలెన్సరు తీసివేసినప్పుడు లేక చాల మార్చినప్పుడు గాలి ప్రవాహము కొంత మారును. కార్బురేటరు జెట్టు పాత ప్రవాహమునకు సరిపోవునట్లు అమర్చబడియుండును. మిశ్రమము పలుచబడి బండి తడబడవచ్చును. దానిని "వెనుక ఒత్తిడి పోయినది" అనుకొందురు. జెట్టు సవరించినచో తీరు లోపమునకు గొట్టమును నిందించుట రోగమొకటి, మందొకటి అయినట్లుండును.

మూడవ కారణము నిజముగా గొట్టమునకు సంబంధించినదే. కవాటము తెరచినప్పుడు బయలుదేరిన సంపీడన తరంగము గొట్టము తెరచియున్న కొనకు చేరి, విరళీకరణ తరంగముగా మారి వెనుకకు వచ్చును. తెరచిన కొన వద్ద తరంగము తలక్రిందులగునని ఆర్గను గొట్టముల పాఠములో చదివినదే ఇది. ఈ విరళీకరణము, పొగ కవాటము మూసికొనుటకును గాలి కవాటము తెరచుటకును నడుమనున్న కొద్ది క్షణములలో సిలిండరు వద్దకు చేరినచో, మిగిలిన పొగను పీల్చివేసి క్రొత్త గాలికి దారి చేయును. కాని ఇక్కడ ఒక చిక్కున్నది. 400 డిగ్రీల వేడి వాయువులో ధ్వని వేగము సెకనుకు సుమారు 520 మీటర్లు. తరంగము పోయి వచ్చుటకు పట్టు కాలము గొట్టము పొడవుపై ఆధారపడును గాని ఇంజను వేగముపై ఆధారపడదు. ఇంజను 4000 చుట్లు తిరుగునప్పుడు ఒక మిల్లీసెకనులో క్రాంకు 24 డిగ్రీలు తిరుగును. 2000 చుట్ల వద్ద 12 డిగ్రీలే. కావున ఒక వేగమున సమయమునకు వచ్చిన తరంగము మరొక వేగమున వేళ తప్పి వచ్చును. గొట్టమును ఒక్క వేగమునకే శ్రుతి చేయవచ్చును, అన్నింటికిని కాదు.

పైగా అంబాసిడరు ఇంజనులో నడిమి రెండు సిలిండర్లకు పొగ దారి ఒక్కటే. దానికి తోడు పోత ఇనుప మానిఫోల్డు దారులు పొట్టివి. ఇట్టి నిర్మాణములో శ్రుతి చేసిన గొట్టముల లాభము ఆశించుట, రోలులో పాలు పోసి వెన్న చిలుకుట వంటిది. పనిముట్టు ఆ పనికి పుట్టలేదు.

గ్రంథముల తీర్పు

ఈ విషయమున శాస్త్ర గ్రంథములు కొరత పడలేదు. కాని వానిని కూడ కన్నులు మూసికొని అనుసరింపరాదు. ఆంగ్ల దేశమున ఫిలిప్ స్మిత్ 1962లో వెలువరించిన గ్రంథము ఇంజను గాలి, పొగ గొట్టముల రూపకల్పనకు ప్రసిద్ధమైనది. వాయువునకు జడత్వము కలదని, గొట్టములో తరంగములు నడచునని, గొట్టము ఒక రంధ్రము మాత్రమే కాదని సామాన్య యంత్రజ్ఞునికి బోధపరచుట దాని గొప్ప గుణము. "పెద్దదే మేలు" అను వాదమును అది పునాదులతో కదిలించినది. కాని దాని దృష్టి అధిక వేగమున తిరుగు ఇంజనుల వైపు. అందలి పొడవులను, వ్యాసములను గుట్టల దారిలో రెండవ గేరులో ప్రాకు కారుకు దించుకొనుట, పందెపు గుఱ్ఱము లాడమును దుక్కిటెద్దుకు కొట్టుట యగును.

చప్పుడు ప్రక్క నుండి చూచిన గొప్ప పరిశోధన అమెరికా ప్రభుత్వ విమాన విజ్ఞాన సంస్థ, నాకా, 1954లో ప్రచురించిన 1192వ నివేదిక. డేవిస్, స్టోక్స్, మూర్, స్టీవెన్స్ అను నలుగురు 77 సైలెన్సరులను కొలిచి, వ్యాకోచ గదులకును అనునాద గదులకును సమీకరణములిచ్చిరి. ఆ సమీకరణములు నేటికిని ప్రథమ సోపానములు. అయితే వారి కొలతలలో తోక గొట్టము చివర ప్రతిధ్వని లేనట్లు ఏర్పాటు చేయబడినది. వీధిలోని కారుకు తోక గొట్టము చివర తెరచియే ఉండును. అక్కడ తరంగము మరల ప్రతిఫలించును. కావున నివేదికలోని అంకె, కారు వెనుక నిలిచినవాని చెవిన పడు అంకె ఒకటి కావు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎం. ఎల్. ముంజాల్ 1987లో ప్రకటించిన సైలెన్సరుల ధ్వని శాస్త్ర గ్రంథము ఈ లోటును చాలవరకు తీర్చినది. డబ్బాను విడిగా కాక, ఇంజను నుండి గొట్టపు కొన వరకు మొత్తము వరుసను, అందులో ప్రవహించు వాయువును కలిపి లెక్కించు మార్గమును అది వివరించినది. ప్రపంచమంతట ఈ రంగమున చదువబడు గ్రంథము ఒక భారతీయునిది అగుట విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

వెడల్పునకు చెల్లించు వెల

ఈ సమీకరణములలో మొదటిదానిని అంబాసిడరుకు వర్తింపజేసినచో అసలు విషయము బయటపడును. నాలుగు సిలిండర్ల ఇంజను 3000 చుట్ల వద్ద సెకనుకు 100 సార్లు పొగ వదలును. కావున చప్పుడు ముఖ్య పౌనఃపున్యము 100. వాయువులో ధ్వని వేగము 520 మీటర్లు గనుక తరంగదైర్ఘ్యము 5.2 మీటర్లు. సైలెన్సరు డబ్బా అర మీటరు పొడవు, 15 సెంటీమీటర్ల వ్యాసము గలదనుకొనుడు. 38 మి.మీ. గొట్టమునకు ఈ డబ్బా వైశాల్యము సుమారు 15.6 రెట్లు, 50 మి.మీ. గొట్టమునకు 9 రెట్లు మాత్రమే. సమీకరణము ప్రకారము మొదటిదానిలో 100 పౌనఃపున్యపు ధ్వని సుమారు 13 డెసిబెల్లు తగ్గును. రెండవదానిలో 9 డెసిబెల్లు కంటె తక్కువ. మొదటి ఏర్పాటులో ధ్వని శక్తి ఇరువదవ వంతు బయటకు పోవును, రెండవదానిలో ఏడవ వంతు పోవును. అనగా డబ్బా మార్చక గొట్టము మాత్రము పెద్దది చేసినచో, ఆ స్వరమున ధ్వని శక్తి దాదాపు మూడు రెట్లగును.

ఇదియే బేరము. ఒక శాతమునకు లోబడిన బలము కొరకు మూడు రెట్ల చప్పుడు. పెద్ద గొట్టమునకు సమానమైన నిశ్శబ్దము కావలెనన్నచో డబ్బా వ్యాసమును కూడ సుమారు 20 సెంటీమీటర్లకు పెంచవలెను. అంత డబ్బా కారు అడుగున వ్రేలాడినచో కడెం దారి గుంతలలో నేలను తాకును.

గాజు ఉన్ని నింపిన తిన్నని సైలెన్సరులను కొందరు ఇష్టపడుదురు. ఉన్ని హెచ్చు పౌనఃపున్యముల కీచు ధ్వనిని చక్కగ మ్రింగును. కాని 100 పౌనఃపున్యపు బొంగురు ధ్వనిపై దాని ప్రభావము స్వల్పము. కాలక్రమమున ఉన్ని మసి పట్టి, ఊడి, గొట్టము గుండ వెళ్ళిపోవును. గదుల సైలెన్సరు పాత కారుకు నమ్మదగినది.

ఈ చప్పుడు ఎవరి చెవిన పడును? 2000 నాటి ధ్వని కాలుష్య నియమముల ప్రకారము పాఠశాలలు, ఆసుపత్రుల చుట్టు నూరు మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్లు, రాత్రి 40. రోడ్డు ప్రక్కన బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయుడు, బండి దాటిపోవు వరకు నోరు మూసికొని నిలుచుట ఎరుగనివారు లేరు. జన్నారం వైపు పోయినచో 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల్ అడవి. అక్కడి జంతువులకు రాత్రి వేళ వినికిడియే కన్ను.

ప్రాణమునకు సంబంధించిన మాట

గొట్టము వెడల్పు మీద జరుగు వాదములలో గొట్టము పొడవును, అతుకులను ఎవరును పట్టించుకొనరు. నిజమైన అపాయము అక్కడనే ఉన్నది. కార్బురేటరు గల పాత ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజను కంటె దీనినే రెండు వందల రెట్లకు పైగా గట్టిగ పట్టుకొనును. ఖర్చు తగ్గుటకు తోక గొట్టమును వెనుక సీటు క్రిందనే కోసివేసినచో, తుప్పు పట్టిన నేల రేకు చిల్లుల గుండ ఆ వాయువు కారులోనికి చేరును. సాగిపోవు కారు వెనుక పీడనము తగ్గియుండుట చేత, తెరచిన డిక్కీ నుండి కూడ పొగ లోనికి పీల్చబడును. చలికాలపు రాత్రి అద్దములు మూసికొని పోవు ప్రయాణికులు తలనొప్పితో మొదలై నిద్రలోనికి జారుదురు. గొట్టము రెండు మిల్లీమీటర్లు హెచ్చు తగ్గయినచో ఎవరును చావరు, పొట్టిదైనచో చావవచ్చును. తోక గొట్టము బండి వెనుక అంచును దాటియుండవలెను. ప్రతి అతుకును పొగ చొరనంత గట్టిగ ఉండవలెను.

తుప్పు సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు పుట్టును. దూర ప్రయాణమున సైలెన్సరు వేడెక్కి ఆ నీరు ఆవిరిగానే పోవును. ఇంటి నుండి బజారుకు, బజారు నుండి ఇంటికి తిరుగు బండిలో సైలెన్సరు వేడెక్కక ముందే ఇంజను ఆగును. నీరు ఆమ్లములతో కలిసి డబ్బా అడుగున నిలుచును. అందుచే తక్కువ తిరిగిన బండి సైలెన్సరే త్వరగా తుప్పు పట్టును. డబ్బా అడుగున, అతి పల్లపు చోట, మూడు మిల్లీమీటర్ల చిన్న రంధ్రమున్నచో నీరు కారిపోవును. వారమునకొకసారి బండిని అరగంట సేపు నడుపుట మరొక మందు.

పాఠశాలలో పరీక్ష

ఈ వాదమును తరగతి గదిలోనే తేల్చవచ్చును. ఒకే పొడవు గల సన్న గొట్టము, లావు గొట్టము తీసికొని నోటితో ఊది చూచినచో, వ్యాసము కొంచెము తగ్గగానే శ్రమ ఎంత పెరుగునో తెలియును. తరువాత లావు గొట్టమును ఇంకను లావుది చేసి ఊదవలెను. ఈసారి తేడా దాదాపు తెలియదు. ఇరుకు తొలగిన తరువాత వెడల్పు వృథా యని నోటికే తెలియవచ్చును.

ధ్వని కొరకు ఒక పాలపొడి డబ్బా చాలును. దాని మూతకును అడుగుకును రంధ్రములు చేసి రెండు రబ్బరు గొట్టములు అమర్చి, ఒక కొన వద్ద చిన్న స్పీకరు, రెండవ కొన వద్ద చెవి ఉంచవలెను. డబ్బా లేకుండ అంతే పొడవు గొట్టముతో పోల్చి చూడవలెను. పౌనఃపున్యము మార్చుచు వినినచో, కొన్ని స్వరములు బాగుగ తగ్గుట, కొన్ని తగ్గకుండుట స్పష్టముగా వినబడును. డబ్బా పొడవు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతయినప్పుడు నిశ్శబ్దము గరిష్ఠము. సగమయినప్పుడు డబ్బా లేనట్లే.

షెడ్డులో పనికివచ్చు పరికరము నీరు నింపిన యు-ఆకారపు గొట్టము. సైలెన్సరుకు ముందు గొట్టమునకు సన్నని రాగి నాళము అతికించి, దాని కొనను యు-గొట్టమునకు కలిపి, బయలులో ఇంజనును ఒకే వేగమున నడిపి, మొదట పాత సైలెన్సరుతోను, పిదప క్రొత్తదానితోను నీటి మట్టము చూడవలెను. పాతదానితో మట్టము చాల హెచ్చినచో అది మూసికొనినదని అర్థము. అప్పుడు మార్చవలసినది సైలెన్సరును, వెడల్పును కాదు.

తీర్పు

రెండు వాదములును విఫలమైనవి. మొదటిది కొలవలేదు, రెండవది తరంగమును ఒత్తిడిగా భ్రమించినది. 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడరుకు, ఇంజను మార్పులేవియు చేయనియెడల, తయారీ నాటి వ్యాసము గల గొట్టమే తగినది. ఆ కొలత దొరకనిచో నిండు వేగమున వాయువు సెకనుకు సుమారు 80 మీటర్లు సాగునట్లు వ్యాసము ఎన్నుకొనుట సరియైన మధ్యమార్గము. పెద్ద ఇంజనుకు పెద్ద గొట్టము కావలెను. అది వేరు మాట. 1990లలో అంబాసిడరుకు వచ్చిన 1817 ఘన సెంటీమీటర్ల ఇంజను 5000 చుట్ల వద్ద తిరుగునప్పుడు, అదే లెక్క ప్రకారము సుమారు 47 మి.మీ. గొట్టము కోరును. వెడల్పును నిర్ణయింపవలసినది ఇంజను మింగు గాలి. బజారులోని మాట కాదు.

మేస్త్రీ చేతిలోని అనుభవము తక్కువది కాదు. వంగిన గొట్టమును చూపుతోనే కొలిచి అతుకువాని నేర్పు ఏ గ్రంథములోను లేదు. కాని అనుభవము ఏమి జరిగినదో చెప్పును. ఎందుకు జరిగినదో చెప్పుటకు కొలత కావలెను. ఖానాపూర్ బడి విద్యార్థి ఒక యు-గొట్టముతో షెడ్డుకు పోయి ఆ కొలత తీసిననాడు, మేస్త్రీ అనుభవము, బడి పాఠము రెండును ధన్యమగును.